వయసుతో బుద్ధి మందగిస్తుందా? వృద్ధాప్య మనస్తత్వ శాస్త్రం తన పాత సిద్ధాంతాలనే ఎందుకు ప్రశ్నిస్తోంది

పెద్దవారి మతిమరుపునకు 'వయసు మీద పడింది' అని, పట్టుదలకు 'చాదస్తం' అని, మౌనానికి 'వైరాగ్యం' అని పేర్లు పెట్టడం మన ఇళ్లలో మామూలే. ఈ మూడింటినీ సమర్థించే సిద్ధాంతాలు ఒకప్పుడు మనస్తత్వ శాస్త్రంలోనూ ఉండేవి. బుద్ధిబలం ఇరవైల్లోనే శిఖరాన్ని చేరి అక్కడి నుంచి దిగజారుతుందని, వృద్ధులు సమాజం నుంచి తప్పుకోవడం ప్రకృతి ధర్మమని పాఠ్యపుస్తకాలు బోధించాయి.

గత ఏడు దశాబ్దాల్లో ఆ సిద్ధాంతాలు ఒక్కొక్కటిగా పరీక్షకు నిలవవలసి వచ్చింది. కొన్ని కూలిపోయాయి, కొన్ని సవరణలతో మిగిలాయి. వాటి స్థానంలో వచ్చినవి కూడా ఇప్పుడు ప్రశ్నలను ఎదుర్కొంటున్నాయి. వార్ధక్య లక్షణమని భావించినదానిలో ఎంత భాగం నిజంగా వయసు ప్రభావం, ఎంత భాగం పరిశోధకులు కొలిచిన తీరు వల్ల కనిపించినది అన్నదే ఈ వివాదాలన్నింటికీ మూలం.

ఈ ప్రశ్న భారతదేశానికి దూరమైనది కాదు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, 2022లో దేశంలో 60 ఏళ్లు దాటినవారు సుమారు 14.9 కోట్ల మంది. 2050 నాటికి ఆ సంఖ్య 34.7 కోట్లకు, అంటే జనాభాలో ఐదో వంతుకు పైగా చేరుతుందని అంచనా. వారిలో ఎవరికి చికిత్స అవసరం, ఎవరిది సహజమైన మార్పు అన్నది తేల్చడానికి ఈ సిద్ధాంతాలే ఆధారం.

దిగజారే గీత ఎక్కడి నుంచి వచ్చింది?

బుద్ధి పరీక్షలు ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. పరిశోధకులు వేర్వేరు వయసులవారిని ఒకే కాలంలో పరీక్షించి, వారి మార్కులను వయసుల వరుసలో పేర్చి చూశారు. ఫలితం దాదాపు ప్రతిసారీ ఒకేలా వచ్చింది. ఇరవైల్లో ఉన్నవారికి ఎక్కువ మార్కులు, నలభైల్లో ఉన్నవారికి తక్కువ, అరవైల్లో ఉన్నవారికి మరీ తక్కువ.

న్యూయార్క్‌లోని బెల్వ్యూ ఆసుపత్రిలో పనిచేసిన డేవిడ్ వెక్స్‌లర్ 1939లో పెద్దల కోసం ప్రత్యేకంగా ఒక బుద్ధి పరీక్షను ప్రచురించారు. వయసుతో శరీరం క్షీణించినట్లే మేధస్సూ క్షీణిస్తుందని ఆయన భావించారు. ఆ భావనే చాలాకాలం నిర్వివాదాంశంగా చెలామణి అయింది.

అయితే ఈ పద్ధతిలో ఒక లోపం దాగి ఉంది. 1940లో 25 ఏళ్ల యువకుడిని, 65 ఏళ్ల వృద్ధుడిని పక్కపక్కన కూర్చోబెట్టి పరీక్షిస్తే, ఆ ఇద్దరి మధ్య తేడా వయసు ఒక్కటే కాదు. ఆ వృద్ధుడు పుట్టింది 1875లో. ఆయన చదివిన తరగతులు, తిన్న తిండి, బాల్యంలో వచ్చిన జబ్బులు, చేసిన ఉద్యోగం అన్నీ వేరు. కాగితం మీద పరీక్ష రాసే అలవాటు కూడా యువకుడికి ఉన్నంతగా ఆయనకు ఉండదు. తరాల మధ్య ఉన్న ఈ అంతరాన్ని వయసు ఖాతాలో వేయడం సబబేనా?

సియాటిల్‌లో మొదలైన సవాలు

ఈ ప్రశ్నను సూటిగా పరీక్షించినవారు కె. వార్నర్ షై. జర్మనీలో పుట్టి, నాజీల పాలన కారణంగా కుటుంబంతో కలిసి షాంఘైకి తరలివెళ్లి, తర్వాత అమెరికా చేరిన ఆయన, 1956లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ విద్యార్థిగా సియాటిల్ నగరంలో ఒక అధ్యయనం ప్రారంభించారు. ఇరవైల నుంచి డెబ్బై ఏళ్ల వరకు వయసున్న 500 మందిని ఎంచుకున్నారు. పదాల అర్థం, పదాలను వేగంగా గుర్తుచేసుకోవడం, అంకెలు, ఆకారాలను మనసులో తిప్పి చూడడం, తర్కం వంటి సామర్థ్యాలను విడివిడిగా కొలిచారు.

తొలి ఫలితాలు పాత గీతనే చూపించాయి. కానీ ఆయన అక్కడితో ఆగలేదు. ఏడేళ్ల తర్వాత, 1963లో, అదే మనుషులను వెతికి పట్టుకుని మళ్లీ పరీక్షించారు. ఆ తర్వాత కూడా ప్రతి ఏడేళ్లకూ ఆ పని కొనసాగింది. ప్రతి విడతలో కొత్తవారిని కూడా చేర్చుకుంటూ వెళ్లారు.

అదే మనిషిని అతని పాత మార్కులతో పోల్చి చూసినప్పుడు చిత్రం మారిపోయింది. చాలా సామర్థ్యాలు నడివయసు వరకు పెరిగాయి, యాభైల్లో నిలకడగా ఉన్నాయి. సగటున చెప్పుకోదగ్గ క్షీణత కనిపించింది 60 ఏళ్లు దాటిన తర్వాతే. 81 ఏళ్ల వయసువారిలో కూడా, అంతకు ముందటి ఏడేళ్లలో నిర్దిష్టమైన క్షీణత నమోదైనవారు సగం కంటే తక్కువే. అందరినీ ఒకేలా ఈడ్చుకుపోయే దిగుడు గీత అంటూ ఏదీ లేదని ఈ అధ్యయనం స్పష్టం చేసింది.

షై, ఆయన సహ పరిశోధకురాలు షెర్రీ విల్లిస్ 1986లో మరో ఫలితాన్ని ప్రకటించారు. 64 ఏళ్లు దాటిన 229 మందికి తర్కంలో గానీ, ఆకారాలను మనసులో తిప్పి చూడడంలో గానీ ఐదు గంటల శిక్షణ ఇచ్చారు. సుమారు మూడింట రెండు వంతుల మంది మెరుగుపడ్డారు. అంతకు ముందు క్షీణత చూపినవారిలో 40 శాతం మంది పద్నాలుగేళ్ల క్రితం తమకున్న స్థాయికి తిరిగి చేరుకున్నారు. పోయిందనుకున్న సామర్థ్యంలో కొంత భాగం నిజానికి పోలేదని, వాడక లేక మూలపడి ఉందని దీని అర్థం.

సవాలుకే సవాలు

ఈ ఫలితాలను శాస్త్రవేత్తలందరూ అంగీకరించలేదు. 1970ల్లో జాన్ హార్న్, గ్యారీ డొనాల్డ్‌సన్ ఒక పక్షాన, షై, పాల్ బాల్టెస్ మరో పక్షాన నిలిచి అమెరికన్ మనస్తత్వ శాస్త్ర పత్రికలో తీవ్రంగా వాదించుకున్నారు. బుద్ధి క్షీణత ఒక అపోహ అని చెప్పడమే అసలు అపోహ అని హార్న్ పక్షం వాదన.

ఆ వాదనకు బలమైన ఆధారాలే ఉన్నాయి. ఒకే వ్యక్తిని పదేపదే పరీక్షించినప్పుడు అతను ఆ పరీక్షకే అలవాటు పడతాడు. రెండోసారి వచ్చిన మార్కుల్లో కొంత భాగం ఆ అలవాటుది. నిజంగా జరిగిన క్షీణతను అది కప్పిపుచ్చవచ్చు. పైగా దీర్ఘకాల అధ్యయనాల నుంచి మధ్యలో తప్పుకునేవారు చాలావరకు అనారోగ్యంతో ఉన్నవారు, తక్కువ మార్కులు వచ్చినవారు. చివరికి మిగిలేది ఆరోగ్యవంతులు. వారి సగటును చూసి అందరి గురించీ తీర్మానించడం కుదరదు.

వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన టిమొతీ సాల్ట్‌హౌస్ 2009లో ఈ అంశాలను ముందుకు తెచ్చారు. పరీక్షల అలవాటు ప్రభావాన్ని మినహాయిస్తే కొన్ని సామర్థ్యాల్లో తగ్గుదల ఇరవైలు, ముప్పైల్లోనే మొదలవుతుందని ఆయన వాదించారు. ఒకే కాలంలో వేర్వేరు తరాలను పోల్చే పాత తప్పునే సాల్ట్‌హౌస్ మళ్లీ చేస్తున్నారంటూ షై అదే ఏడాది ప్రత్యుత్తరం ఇచ్చారు.

రెండు పద్ధతులకూ లోపాలు ఉన్నాయి. తరాలను పోల్చే పద్ధతి క్షీణతను ఎక్కువ చేసి చూపుతుంది. మనుషులను వెంబడించే పద్ధతి తక్కువ చేసి చూపుతుంది. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుందని నేడు చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు.

'బుద్ధి' ఒక్కటి కాదు

వివాదంలో ఒక విషయం మాత్రం దాదాపు స్థిరపడింది. బుద్ధి ఒకే కొలబద్దతో కొలిచే వస్తువు కాదు. రేమండ్ కాటెల్, ఆయన శిష్యుడు హార్న్ 1960ల్లోనే దాన్ని రెండుగా విభజించారు. కొత్త చిక్కును అప్పటికప్పుడు విప్పే చురుకుదనం ఒకటి. జీవితకాలంలో పోగుపడిన జ్ఞానం, పదసంపద రెండోది. మొదటిది ముందుగా తగ్గుతుంది, రెండోది చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది. అనుభవజ్ఞుడైన వైద్యుడు కొత్త యంత్రం నేర్చుకోవడానికి ఎక్కువ సమయం తీసుకున్నా, రోగి ముఖం చూసి జబ్బును పసిగట్టడంలో యువ వైద్యుడిని మించిపోవడానికి కారణం ఇదే.

వేగం తగ్గడం కూడా అనుకున్నంత సరళమైన విషయం కాదు. జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన మిషా ఫాన్ క్రౌజ బృందం, ఇంటర్నెట్ ద్వారా ఒక పరీక్షలో పాల్గొన్న సుమారు 12 లక్షల మంది సమాచారాన్ని విశ్లేషించి 2022లో ఫలితాలు ప్రచురించింది. ఇరవైలు దాటాక జవాబు చెప్పే సమయం పెరుగుతున్న మాట నిజమే. అయితే అందుకు కారణం ఆలోచన మందగించడం కాదని, తప్పు చేయకూడదన్న జాగ్రత్త పెరగడం, చేయి కదిపే వేగం తగ్గడం అని ఆ బృందం తేల్చింది. ఆలోచనా వేగం దాదాపు 60 ఏళ్ల వరకు నిలకడగానే ఉందని పేర్కొంది.

ఈ అధ్యయనం కూడా వేర్వేరు వయసులవారిని ఒకరితో ఒకరిని పోల్చినదే. ఇంటర్నెట్‌లో పరీక్ష రాయగల వృద్ధులు ఆ తరం మొత్తానికి ప్రతినిధులు కారు. సియాటిల్ అధ్యయనం లేవనెత్తిన ప్రశ్న దీనికీ వర్తిస్తుంది.

సమాజం నుంచి తప్పుకోవడం సహజమా?

బుద్ధి తర్వాత ఎక్కువ చర్చకు లోనైనది వృద్ధుల సామాజిక జీవితం. అమెరికాలోని కాన్సస్ సిటీలో జరిపిన అధ్యయనం ఆధారంగా ఎలైన్ కమింగ్, విలియం హెన్రీ 1961లో 'ఉపసంహరణ' సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. వయసు పెరిగేకొద్దీ మనిషి సమాజం నుంచి, సమాజం మనిషి నుంచి క్రమంగా వెనక్కి తగ్గుతాయని, అది సహజమని, ఇరువురికీ మేలు చేసేదని వారి వాదన.

భారతీయ పాఠకులకు ఇది కొత్తగా అనిపించదు. గృహస్థాశ్రమం తర్వాత వానప్రస్థం రావాలన్న సంప్రదాయం ఇక్కడ ప్రాచీనమైనది. అయితే సంప్రదాయం చెప్పింది మనిషి ఎలా జీవించాలన్న ఆదర్శం. కమింగ్, హెన్రీ చెప్పింది మనిషి ఎలాగూ అలాగే మారతాడన్న నియమం. ఈ రెంటికీ చాలా దూరం ఉంది.

ఆ నియమాన్ని మొదట ప్రశ్నించినవారిలో కాన్సస్ సిటీ అధ్యయనంతోనే సంబంధమున్న రాబర్ట్ హావిగ్‌హర్స్ట్, బెర్నీస్ న్యూగార్టెన్ ఉన్నారు. అదే సమాచారాన్ని పరిశీలించి, చురుకైన సామాజిక జీవితం ఉన్న వృద్ధుల్లోనే సంతృప్తి సాధారణంగా ఎక్కువని, తప్పుకుని సుఖంగా ఉన్నవారు కొందరే అని వారు చూపారు. 1975లో సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ మరింత మౌలికమైన లోపాన్ని ఎత్తిచూపారు. తప్పుకోని వృద్ధులు కనిపించినప్పుడు వారిని విజయవంతంగా తప్పుకోలేకపోయినవారిగా లెక్కించే సిద్ధాంతాన్ని తప్పని నిరూపించడం ఏ ఆధారానికైనా అసాధ్యమని ఆమె విమర్శించారు.

వృద్ధులు వెనక్కి తగ్గడంలో వారి ఇష్టం పాలెంత, బలవంతపు పదవీ విరమణ, పేదరికం, చెవులు వినిపించకపోవడం, ఆప్తుల మరణం వంటి కారణాల పాలెంత అన్నది ఆ సిద్ధాంతం అడగని ప్రశ్న.

వయసా, మిగిలిన కాలమా?

వృద్ధులకు స్నేహితులు తగ్గుతారన్నది మాత్రం నిజమే. దానికి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన లారా కార్‌స్టెన్సెన్ 1990ల్లో వేరే వివరణ ఇచ్చారు. మున్ముందు చాలా కాలం ఉందనుకున్నప్పుడు మనిషి కొత్త పరిచయాలు, కొత్త విషయాలు కోరుకుంటాడు. మిగిలిన కాలం తక్కువని తోచినప్పుడు మనసుకు దగ్గరైన కొద్దిమందికే సమయం కేటాయిస్తాడు. ఇక్కడ నిర్ణయాత్మకమైనది వయసు కాదని, కాలం గురించి మనిషికున్న స్పృహ అని ఆమె ప్రతిపాదన.

దీన్ని పరీక్షించేందుకు హాంకాంగ్ ఒక అరుదైన అవకాశం కల్పించింది. 1997 జులై 1న ఆ నగరం బ్రిటన్ నుంచి చైనాకు బదిలీ అయింది. అందుకు ఏడాది ముందు, ఆప్తులతోనే సమయం గడపాలన్న మొగ్గు ప్రధానంగా వృద్ధుల్లో కనిపించింది. బదిలీకి రెండు నెలల ముందు మళ్లీ అడిగినప్పుడు యువకులూ అదే కోరుకున్నారు. ఒక శకం ముగుస్తోందన్న భావన యువకుల మనసును కూడా వృద్ధుల మనసులా మార్చిందని హెలీన్ ఫంగ్, కార్‌స్టెన్సెన్ బృందం 1999లో వివరించింది. 'ముసలితనపు స్వభావం' అనుకున్నది వయసుకే పరిమితం కాదని దీంతో తేలింది.

ఈ సిద్ధాంతం నుంచి, వయసుతో మనసు మరింత ప్రశాంతమవుతుందన్న ఆశాజనకమైన అభిప్రాయమూ వ్యాపించింది. అది కూడా సార్వత్రికం కాదని తర్వాత తెలిసింది. ఆండ్రూ స్టెప్టో, అంగస్ డీటన్, ఆర్థర్ స్టోన్ 2015లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, నడివయసులో తగ్గిన జీవన సంతృప్తి వార్ధక్యంలో తిరిగి పెరగడం ప్రధానంగా ఇంగ్లిష్ మాట్లాడే సంపన్న దేశాల్లో కనిపించింది. తూర్పు యూరప్, పూర్వపు సోవియట్ దేశాలు, లాటిన్ అమెరికాలో వయసుతో పాటు సంతృప్తి తగ్గింది. వృద్ధుల మనశ్శాంతికి వయసుతో పాటు పింఛను, వైద్యం, భద్రత కూడా కారణమని ఇది సూచిస్తోంది.

హైదరాబాద్ పరిశోధన చెప్పినదేమిటి?

ఈ వివాదంలో తెలుగు నేలకూ ఒక అధ్యాయం ఉంది. హైదరాబాద్‌లోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ (నిమ్స్)లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఎడిన్‌బరా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్ తదితరులు చిత్తవైకల్యం, అంటే డిమెన్షియాతో వచ్చిన 648 మంది రోగుల వివరాలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. వారిలో 391 మంది ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒకే భాష మాట్లాడేవారితో పోలిస్తే వారిలో లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి.

పాశ్చాత్య దేశాల్లో ఇలాంటి ఫలితాలపై ఒక ఆక్షేపణ ఉండేది. అక్కడ రెండు భాషలు మాట్లాడేవారిలో చాలామంది వలస వచ్చినవారు, కాబట్టి తేడా భాషల వల్లనా, వలస వల్లనా అన్నది విడదీయడం కష్టం. హైదరాబాద్‌లో తెలుగు, ఉర్దూ, హిందీ కలగలిసి వినిపించడం నిత్యజీవితం. అక్షరం ముక్క రానివారు కూడా రెండు మూడు భాషల్లో బేరాలు ఆడతారు. ఈ అధ్యయనంలో నిరక్షరాస్యుల్లోనూ ఆ తేడా కనిపించింది. దాంతో అది చదువు వల్ల వచ్చిన తేడా అన్న అనుమానానికి కొంత సమాధానం దొరికింది.

కానీ ఇక్కడా కొలత ప్రశ్న ఎదురైంది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2017లో అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను సమీక్షించారు. ఆసుపత్రికి వచ్చిన రోగుల గతాన్ని తవ్వి చూసినవి బహుభాషల వల్ల మేలు ఉందని చెప్పాయి. ఆరోగ్యవంతులను ఎంచుకుని ఏళ్ల తరబడి వెంబడించినవి మాత్రం డిమెన్షియా ముప్పు తగ్గినట్లు చూపలేదు. ఆసుపత్రికి ఎవరు ముందుగా వస్తారు, లక్షణాలు మొదలైన తేదీని కుటుంబం ఎలా గుర్తుంచుకుంటుంది అన్నవి కూడా ఫలితాన్ని మార్చగలవు. హైదరాబాద్ ఫలితం తప్పని ఈ సమీక్ష నిరూపించలేదు. అదే జనాన్ని దీర్ఘకాలం పరిశీలించవలసిన అవసరాన్ని చూపింది.

భారతదేశంలో ఈ లోపం ఎందుకు మరింత పెద్దది?

1951 జనగణన నాటికి దేశంలో అక్షరాస్యత 18.33 శాతం. మహిళల్లో అది తొమ్మిది శాతం కూడా లేదు. 2011 నాటికి మొత్తం అక్షరాస్యత సుమారు 73 శాతానికి చేరింది. అంటే నేటి 80 ఏళ్ల గ్రామీణ మహిళకు, ఆమె మనుమరాలికి మధ్య ఉన్న అంతరం, షై సియాటిల్‌లో చూసిన తరాల అంతరం కంటే ఎన్నో రెట్లు పెద్దది. ఈ ఇద్దరికీ ఒకే పరీక్ష పెట్టి, వచ్చిన తేడాను వయసుకు అంటగడితే తప్పు తీర్పే వస్తుంది.

వాక్యం రాయమని, నెల పేరు చెప్పమని, వంద నుంచి ఏడేసి తీసివేస్తూ పొమ్మని అడిగే పరీక్షలు బడికి వెళ్లినవారి కోసం తయారైనవి. బడికి వెళ్లనివారికి వాటిలో తక్కువ మార్కులు రావడం జబ్బుకు గుర్తు కాదు. ఈ కారణంగానే హరియాణాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతంలో మేరీ గంగూలీ బృందం నిరక్షరాస్యులకు తగిన హిందీ పరీక్షను రూపొందించి 1995లో ప్రచురించింది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో తర్వాత తయారైన పరీక్షల సంపుటి తెలుగు సహా ఐదు భారతీయ భాషల్లో ఉంది.

జాతీయ స్థాయిలో వృద్ధుల స్థితిని తెలుసుకునేందుకు 'లాసీ' అనే దీర్ఘకాలిక సర్వే 2017-18లో మొదలైంది. 45 ఏళ్లు పైబడిన 72 వేల మందికి పైగా తొలి విడతలో పాల్గొన్నారు. దానికి అనుబంధంగా జరిగిన అధ్యయనం, 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నట్లు 2023లో అంచనా వేసింది. పురుషుల కంటే మహిళల్లో, పట్టణాల కంటే గ్రామాల్లో అది ఎక్కువ.

అదే సర్వేలో వెల్లడైన మరో అంశం కుటుంబాలకు నేరుగా సంబంధించినది. ప్రశ్నావళి ద్వారా అంచనా వేసినప్పుడు 60 ఏళ్లు దాటినవారిలో 8.3 శాతం మందిలో తీవ్రమైన కుంగుబాటు కనిపించింది. తమకు కుంగుబాటు ఉందని వైద్యులు నిర్ధారించినట్లు చెప్పినవారు 0.8 శాతం మాత్రమే. పది మందిలో తొమ్మిది మంది బాధ ఏ వైద్యుడి చీటీలోనూ నమోదు కాలేదు.

పాత సిద్ధాంతాన్ని నమ్మితే జరిగే నష్టం

ఆ తొమ్మిది మందిలో ఎందరి మౌనం ఇంట్లో వైరాగ్యంగా లెక్కకు వచ్చి ఉంటుంది? కుంగుబాటుకు చికిత్స ఉంది. థైరాయిడ్ లోపం, విటమిన్ బి12 లోపం, కొన్ని మందుల దుష్ప్రభావం, వినికిడి లోపం కూడా మతిమరుపులా కనిపించగలవు. వాటిలో చాలావాటిని సరిదిద్దవచ్చు. అన్నింటికీ వయసే కారణమన్న నమ్మకం బలంగా ఉన్న ఇంట్లో వైద్యుడి దగ్గరకు వెళ్లాలన్న ఆలోచనే పుట్టదు.

దీనికి విరుద్ధమైన పొరపాటు కూడా ప్రమాదకరమే. వయసు కేవలం ఒక అంకె అని, మనసు గట్టిగా ఉంటే క్షీణత రాదని చెప్పే ఉత్సాహం, నిజంగా డిమెన్షియా మొదలైనవారికి సాయం అందకుండా చేయగలదు. సియాటిల్ అధ్యయనం చూపింది క్షీణత ఉండదని కాదు. అది అందరికీ ఒకే వయసులో, ఒకే వేగంతో రాదని.

అందువల్ల కుటుంబాలు, వైద్యులు అడగవలసిన ప్రశ్న కూడా మారుతుంది. డెబ్బై ఏళ్ల తల్లిని ముప్పై ఏళ్ల కొడుకుతో పోల్చడం కంటే, గత ఏడాది ఆమె ఎలా ఉండేదో దానితో పోల్చడం మేలు. డబ్బు లెక్క ఎప్పుడూ తప్పనివారు ఇప్పుడు తడబడుతున్నారా? తెలిసిన దారిలోనే తప్పిపోతున్నారా? ఇష్టంగా చేసే పని ఉన్నట్టుండి మానేశారా? ఇలాంటి మార్పు కొద్ది నెలల్లో కనిపిస్తే అది వైద్యుడు చూడవలసిన విషయం. మానసిక వేదనకు సంబంధించి కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా అందుబాటులో ఉంది.

లాసీ సర్వే అదే మనుషుల దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్లేలా రూపొందింది. వచ్చే విడతల సమాచారం చేతికి అందినప్పుడు, బడికి వెళ్లనివారు, పొలంలో పనిచేసినవారు, రెండు మూడు భాషల మధ్య బతికినవారు ఎలా వృద్ధులవుతారో వారి జీవితాల నుంచే తెలుసుకునే వీలు కలుగుతుంది. అప్పుడు కొన్ని పాశ్చాత్య సిద్ధాంతాలు ఇక్కడా నిలవవచ్చు, కొన్ని నిలవకపోవచ్చు.